చంటిబిడ్డతో తొలి సంక్రాంతి: ఎన్ని రోజులు, ఎంతవరకు?

ప్రశ్న: అమ్మా, మేము తిరుపతిలో ఉంటాం. సెప్టెంబరు మొదట్లో మాకు పాప పుట్టింది. సంక్రాంతికి నాలుగు నెలలు నిండి అయిదో నెల నడుస్తుంటుంది. మా అత్తగారిది పలమనేరు దగ్గర పల్లె. భోగికి రెండు రోజుల ముందే వచ్చి పది రోజులు ఉండాలంటున్నారు. భోగిమంట దగ్గర పాపను కూర్చోబెట్టాలని, భోగిపళ్లు పోయాలని, అయిదో నెల కాబట్టి పండగనాడే అన్నప్రాశన చేయాలని, వైకుంఠ ద్వార దర్శనం రోజుల్లోనే తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించాలని ఆమె కోరిక. డిసెంబరు సెలవుల్లో బంధువులు వచ్చినప్పుడు పాప పదిమంది చేతులు మారింది, ఆ రాత్రంతా ఏడ్చింది. నేను లోపలి గదిలో పాలిస్తూ కూర్చుంటే బయట నవ్వులు వినిపించేవి. ఏదైనా వద్దంటే ‘మేము పిల్లల్ని పెంచలేదా?’ అంటారు. మావారు ‘నాలుగు రోజులు సర్దుకో’ అంటారు. పాప పడుకున్నా నాకు నిద్ర పట్టడం లేదు. పెళ్లికి ముందు సంక్రాంతి అంటే ప్రాణం. మా వీధిలో రథం ముగ్గు నేనే వేసేదాన్ని. ఇప్పుడు పండగ దగ్గరపడుతుంటే గుండె దడగా ఉంది. వెళ్లకుండా ఉండిపోతే తప్పా? నేను మారిపోయానా?

సమాధానం:

తల్లీ, లోపలి గది, బయట నవ్వులు అని రాశావు చూడు, ఆ వాక్యం దగ్గర కాసేపు కళ్లు మూసుకున్నాను. నా పెద్దవాడి తొలి సంక్రాంతి చిత్తూరు దగ్గర మా అత్తగారి ఊళ్లో జరిగింది. వాడికి అయిదు నెలలు. నడింట్లో ఇరవైమంది కూర్చుని అత్తిరసాలు ఒత్తుతూ, పాత కబుర్లు చెప్పుకుంటూ నవ్వుతున్నారు. నేను వడ్ల మూటలున్న గదిలో తలుపు దగ్గరగా వేసుకుని వాడికి పాలిస్తున్నాను. వాడు పడుకోగానే వెళదామనుకుంటాను, మంచం మీద పెట్టగానే లేస్తాడు. చివరికి నేను బయటికి వచ్చేసరికి అందరూ చేతులు కడుక్కున్నారు, పొంగలి గడ్డకట్టింది. ఎవరూ నన్ను కావాలని వదిలేయలేదు. బిడ్డను చూసి మురిసిపోయారు, బిడ్డ తల్లిని పిలవాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు. అంతే జరిగింది. ఇన్నేళ్లయినా ఆ పొంగలి చల్లదనం నాకు గుర్తుంది. కాబట్టి నువ్వు మారిపోయావని నేను అనను. నీకు పండగ మీద ప్రేమ పోలేదు, ఆ గది మీద భయం వచ్చింది.

వెళ్లు. కానీ పది రోజులు వద్దు. భోగి నాడు మధ్యాహ్నానికి చేరండి, ముక్కనుమ నాడు పొద్దున్నే బయలుదేరండి. మూడు రాత్రులు. కనుమ నాడు బయలుదేరతామంటే ‘కనుమ నాడు కాకైనా కదలదు’ అని ఎలాగూ ఆపేస్తారు, ఆ మాటకు విలువివ్వడమే మర్యాద. ముందు రోజుల పిండివంటల హడావుడికి, తర్వాత మిగిలే బంధువుల రాకపోకలకు నువ్వూ పాపా అక్కడ లేకపోతే ఏ ముచ్చటా తగ్గదు.

తిరుపతి నుంచి పలమనేరుకు చిత్తూరు మీదుగా నూటపది కిలోమీటర్ల చిల్లర. పండగ రద్దీలో బస్సు వద్దు, కారైతే మేలు. నిండా పాలు పట్టి బయలుదేరి చిత్తూరు దగ్గర ఒకసారి ఆగండి. మొగిలి ఘాటు ఎక్కిన తర్వాత చలి తేడా తెలుస్తుంది. తిరుపతిలో పల్చటి దుప్పటితో సరిపోయే రాత్రి, పలమనేరు పీఠభూమి మీద ఎముకలు కొరుకుతుంది. అలాగని కారెక్కినప్పుడే పాపకు నాలుగు స్వెటర్లు తొడగకు. పెద్దవాళ్లు ఎన్ని వేసుకున్నారో దానికి ఒక్క పొర ఎక్కువ, అది చాలు. చేతులు, కాళ్లు చల్లగా తగలడం ఆ వయసులో మామూలే, వాటిని చూసి లెక్క వేయొద్దు. మెడ వెనక నీ రెండు వేళ్లు పెట్టి చూడు. వెచ్చగా, పొడిగా ఉంటే సరిపోయినట్టు. చెమట తగిలితే ఒకటి విప్పేయాలి. రాత్రి వెల్లకిలా పడుకోబెట్టు. ముఖం మీదికి జారే బొంత కప్పకు, తల పక్కన దిండు పెట్టకు.

ఇక భోగిమంట. మధ్యాహ్నం చేరమన్నది అందుకే. తెల్లవారుజామున నాలుగింటికి పలమనేరు మంచులో వేసే మంట దగ్గర చంటిపిల్లకు పనిలేదు. ఆ మంచుకు పొగ పైకి పోదు, మనుషుల ఎత్తులోనే తిరుగుతుంది. పైగా ఈ రోజుల్లో పిడకలు, పాత చెక్కలతోపాటు పాత టైర్లు, విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు కూడా వేస్తున్నారు. ఆ పొగ పెద్దవాళ్లకే గొంతు పట్టేస్తుంది, వేలెడంత శ్వాసనాళాలున్న పిల్ల సంగతి చెప్పాలా? అత్తగారికి భోగిమంట ముచ్చట బాగా ఉంటే ఆరిన తర్వాత చిటికెడు బూడిద తీసి ఉంచమని చెప్పు. మీరు వచ్చాక పాప నుదుట ఆమె చేత్తోనే బొట్టులా పెట్టిస్తే ఆమెకు తృప్తి, నీకు నిశ్చింత. కనుమ సాయంత్రం ఊరి బయట పశువులను కాచే దేవుడు కాటమరాజు దగ్గర చిట్లాకుప్ప అని మంట వేస్తారు కదా, దానికీ ఇదే మాట. మీవారు పశువులతో వెళ్లనీ. పాపకు పగటి పూట పశువుల పాకలో రంగులు పూసిన కొమ్ములు, మెడలో గంటలు కట్టిన దూడ చూపిస్తే చాలు, నాలుగు నెలల పిల్ల ఆ గంట మోతకు కళ్లు పెద్దవి చేసి చూస్తుంది.

భోగిపళ్లు మాత్రం తప్పకుండా పోయించు. ఇది మన ఇళ్లలో పిల్లలకు జరిగే అందమైన వేడుకల్లో ఒకటి, దాన్ని వదులుకోవద్దు. కాకపోతే దీపాలు పెట్టాక కాదు, ఎండ ఉండగానే నాలుగు గంటలకు పెట్టుకోండి. పాపను అవ్వ ఒడిలో కొంచెం వాల్చి కూర్చోబెట్టండి. తల మీద పోసేది బంతి, చామంతి రేకులు, రెండు అక్షింతలు. రేగుపళ్లు, చిల్లర డబ్బులు, చెరకు ముక్కలు, నానబెట్టిన శనగలు పళ్లెంలో ఉంచి మూడుసార్లు దిష్టి తీసి, ముందు పరిచిన చీర మీద పోయండి. చుట్టూ ఉన్న పిల్లలు ఏరుకుంటారు. దిష్టి పోయింది, పిల్లల సంబరమూ తీరింది.

ఎందుకింత పట్టుగా చెబుతున్నానంటే, ఆ ఏడు మావాడికి అన్నీ కలిపి తల మీదే పోశారు. అందరూ హారతి పాట పాడుతున్నారు. రాత్రి బట్టలు మారుస్తుంటే వాడి మెడ మడతలో నానిన శనగగింజ ఒకటి అతుక్కుని ఉంది. కుడిచేతి పిడికిలి విప్పితే అందులో పావలా. ఆ వయసులో పిల్లలకు చేతికి అందింది నోటికి పోతుంది. ఆ పావలా నోట్లో పెట్టుకునేలోగా నాకు కనబడింది, అంతే. లేకపోతే ఏమయ్యేదో ఈరోజుకీ ఊహించుకోలేను. వేడుక అయిపోయాక పాప బట్టలు పూర్తిగా విప్పి, మెడ, చంకలు, పిడికిళ్లు, చెవుల వెనక ఒకసారి నువ్వే చూడు. పక్కబట్ట దులుపు.

అన్నప్రాశన విషయంలో నీకూ మీ అత్తగారికీ గొడవే అక్కర్లేదు. ఆడపిల్లకు బేసి నెలలో చేయాలన్నది ఆమె పట్టింపు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దన్నది డాక్టర్ల మాట. మార్చి మొదట్లో పాపకు ఆరు నెలలు నిండి ఏడో నెల వస్తుంది. ఏడు కూడా బేసి సంఖ్యే. ‘అత్తమ్మా, అయిదో నెల బదులు ఏడో నెలలో మంచిరోజు మీరే చూడండి, తొలి ముద్ద మీ చేత్తోనే పెట్టించుకుంటాం’ అని చెప్పు. ఈలోగా ఎవరైనా పొంగలి మెతుకు, ఓళిగ పూర్ణం, తేనె నాలుకకు రాయబోతే చెయ్యి అడ్డం పెట్టు. తేనె ఏడాది నిండేదాకా అసలే కూడదు. అందులో ఉండగల సూక్ష్మజీవి పసివాళ్ల పేగుల్లో విషం పుట్టిస్తుంది, కండరాలు చచ్చుబడేంత ప్రమాదం. వస అరగదీసి తేనెతో పెట్టడం మన ఇళ్లలో పాత అలవాటు. దాన్ని ఎంత ప్రేమగా తెచ్చినా వద్దనే చెప్పాలి.

పుట్టువెంట్రుకలు. స్వామికి మొక్కు మొక్కే, అది ఎప్పుడు తీర్చినా ఆయన అందుకుంటాడు. వైకుంఠ ద్వారాలు తెరిచి ఉండే ఆ పది రోజులు మాత్రం చంటిపిల్లతో కొండెక్కొద్దు. మామూలు రోజుల్లో ఏడాదిలోపు బిడ్డతో వచ్చే తల్లిదండ్రులకు సుపథం అనే ప్రత్యేక దారి నుంచి ప్రవేశం ఉంటుంది. ఇటీవలి సంవత్సరాల్లో ఆ పది రోజులూ ఆ సౌకర్యాన్ని ఆపేస్తున్నారు. 2025 జనవరి 8 రాత్రి మన తిరుపతిలోనే, ఈ దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మీ ఇంటి పక్కన జరిగినంత దగ్గర అది, నీకు నేను గుర్తు చేయనక్కర్లేదు. పైగా జనవరిలో కొండ మీద మంచు, గాలి, కల్యాణకట్టలో తల గీయించిన వెంటనే చన్నీళ్ల తడి. ఆడపిల్లకు తొమ్మిదో నెల, పదకొండో నెల కూడా మంచివే. తొమ్మిదో నెల మే నెల ఎండల్లో, సెలవుల రద్దీలో పడుతుంది. పదకొండో నెల జూలైలో వస్తుంది. బళ్లు తెరిచి ఉంటాయి, చలి ఉండదు, ఏడాది నిండదు కాబట్టి సుపథం కూడా ఉంటుంది. పాప పుట్టిన తేదీ పత్రం, మీ ఆధార్ కార్డులు పెట్టుకుని, వెళ్లే ముందు దేవస్థానం వాళ్ల ప్రకటన ఒకసారి చూసుకుని వెళ్లండి.

ఇవన్నీ ఒక ఎత్తు, చేతులు మారడం ఒక ఎత్తు. నేను నిజంగా భయపడేది దీనికే. చలికాలం పెద్దవాళ్లకు జలుబు తెచ్చే వైరస్సే ఈ వయసు పిల్లల్లో ఊపిరితిత్తుల దాకా దిగుతుంది. ఫ్లూ టీకా ఆరు నెలలు నిండితే గానీ వేయరు. అంటే ఇప్పుడు ఆ పిల్లకు కాపలా చుట్టూ ఉన్నవాళ్ల శుభ్రమైన చేతులే. గుమ్మం పక్కన సబ్బు, చెంబు, తువ్వాలు పెట్టించు. ఎత్తుకోవాలనుకున్నవాళ్లు ఎవరైనా చేతులు కడుక్కుని కూర్చుని ఎత్తుకుంటారు. ముఖానికి, చేతులకు ముద్దులు వద్దు, పాదాలకు పెట్టుకోమను. జలుబు, దగ్గు ఉన్నవాళ్లు దూరం నుంచి చూస్తారు, వాళ్లు సొంత మేనత్త అయినా సరే.

మా రెండోదానికి మూడు నెలలప్పుడు ఇలాగే ఒక పెళ్లిలో ఎవరి జలుబో అంటుకుంది. మూడో నాటికి పాలు తాగలేకపోయింది, రెండు గుక్కలు తాగి వదిలేసి ఎగబీల్చేది. ఆస్పత్రికి తీసుకెళితే డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టలేదు ముందు. చొక్కా పైకెత్తి, తన చేతి గడియారం చూస్తూ, పొట్ట పైకి లేచిన ప్రతిసారీ పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. నిండా ఒక నిమిషం. గదిలో ఎవరం ఊపిరి తీయలేదు. ‘అరవై నాలుగు’ అంది. తర్వాత ఆమె నాకు నేర్పింది, నీకూ చెబుతున్నాను. రెండు నెలలు దాటి ఏడాదిలోపు ఉన్న బిడ్డ, ఏడుపు లేకుండా ప్రశాంతంగా ఉన్నప్పుడు, నిమిషానికి యాభై లేదా అంతకంటే ఎక్కువసార్లు ఊపిరి తీస్తే అది ఆలస్యం చేయవలసిన సంగతి కాదు, వెంటనే డాక్టరుకు చూపించాలి. ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల కింద గుంట పడుతున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా, లేపినా లేవకుండా మగతగా ఉన్నా 108కు ఫోను చేయండి, లేదా వెంటనే బండెక్కండి. జ్వరం 100.4 దాటితే ఆరోజే డాక్టరుకు చూపించండి. అందుకే బయలుదేరకముందే పలమనేరులో పిల్లల డాక్టరు పండగ రోజుల్లో ఉంటారో లేదో, లేకపోతే చిత్తూరులో ఎక్కడికి వెళ్లాలో మీవారు తెలుసుకుని కాగితం మీద రాసి పెట్టుకోవాలి. పాప టీకాల కార్డు కూడా సంచిలో ఉండాలి.

రాత్రి గది వెచ్చగా ఉండాలని నిప్పుల కుంపటి పెట్టి తలుపులు మూస్తారేమో, దానికి మాత్రం ఎవరేమనుకున్నా ఒప్పుకోకు. ఆ నిప్పుల నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణాలు తీస్తుంది. సాంబ్రాణి ధూపం కూడా పాప ఉన్న గదిలో వద్దు. ముక్కు పట్టేస్తే నూనె చుక్కలు వేయొద్దు, అది ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. డాక్టరు రాసిన ఉప్పునీటి చుక్కలు తీసుకెళ్లు. తెల్లవారుజాము తలంటు పెద్దవాళ్లకు, పాపకు పదకొండింటి ఎండలో.

ఇన్ని ‘వద్దు’లు నువ్వు ఒక్కదానివే చెబితే నువ్వు పొగరుబోతు కోడలివి అయిపోతావు. నాకు తెలుసు. అందుకే ఇవి నీ నోటి నుంచి రాకూడదు. మీవారికి ఈ సమాధానం చదివి వినిపించు. నాయనా, ‘సర్దుకో’ అన్న మాట నువ్వు మీ అమ్మగారికీ చెప్పగలవు, అది నీ పని. బయలుదేరడానికి వారం ముందే ఫోను చెయ్యి. ‘అమ్మా, భోగి మధ్యాహ్నానికి వస్తాం, ముక్కనుమ నాడు బయలుదేరతాం. భోగిపళ్లు నువ్వే పోయాలి. మంట దగ్గరికి, జనంలోకి పాపను తీసుకురాను, డాక్టరు చెప్పారు, నేను ఒప్పుకున్నాను’ అను. ‘ఆమె ఒప్పుకోవడం లేదు’ అని మాత్రం అనొద్దు. ఆ ఒక్క మాటతో అత్తాకోడళ్ల మధ్య ఎన్నేళ్ల మనస్పర్థ వస్తుందో చూసినదాన్ని చెబుతున్నాను. అక్కడికి వెళ్లాక పాప ఏడ్చినప్పుడు నీ అక్కచెల్లెళ్ల చేతుల్లోంచి తీసుకుని తల్లికి ఇవ్వవలసింది కూడా నువ్వే.

మీ అత్తగారి గురించి ఒక మాట. ‘మేము పెంచలేదా’ అనడంలో ‘నా పెంపకానికి విలువ లేదా’ అన్న బాధ ఉంది. ఆమెకు నిజంగా వచ్చిన పనులు ఉన్నాయి, అవి అడుగు. ఒళ్లంతా గోరువెచ్చని నూనె పట్టించి మర్దన చేయడం, కాళ్ల మీద బోర్లా వేసుకుని వీపు నిమరడం, జోల పాడటం, ఇవి నేర్చుకోవడానికి నీకు ఆమెకంటే మంచి మనిషి దొరకదు. పొద్దున మర్దన అవ్వది అని ఖాయం చేసేయి. బిడ్డతో ఆమెకంటూ ఒక వేళ ఉంటే, మిగతా వేళల్లో లాక్కోవాలన్న తహతహ తగ్గుతుంది.

ఇప్పుడు నీ నిద్ర సంగతి. పాప మేలుకుంటే నిద్ర లేకపోవడం వేరు, పాప పడుకున్నా నిద్ర పట్టకపోవడం వేరు. పండగ మాట వింటేనే గుండె దడ అంటున్నావు. కాన్పు తర్వాత మొదటి రెండు వారాలు కన్నీళ్లు, చిరాకు చాలామందికి వచ్చి పోతాయి. నీకు నాలుగో నెల. ఇది నీ గుణం కాదు, నీ బలహీనత కూడా కాదు, బాలింతల్లో వచ్చే కుంగుబాటు కావచ్చు, దానికి చక్కటి వైద్యం ఉంది, పాలిచ్చే తల్లులకు పనికొచ్చే మందులూ ఉన్నాయి. పండగకు ముందే, ఈ వారమే, నీ కాన్పు చేసిన డాక్టరుకు ఈ రెండు లక్షణాలూ ఉన్నవి ఉన్నట్టు చెప్పు. తిరుపతిలో రుయా వంటి పెద్దాసుపత్రి మీకు పక్కనే ఉంది. అర్ధరాత్రి మనసు బాగా లేకపోతే 14416కు చెయ్యి. అది టెలిమానస్, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన ఫోను సాయం, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. నీకు గానీ పాపకు గానీ ఏదైనా చేసుకోవాలన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చినా ఒంటరిగా ఉండకు, మీవారిని లేపి ఆ మాట చెప్పు. వైద్యం మొదలయ్యాక డాక్టరు ఈ ఏడు ప్రయాణం వద్దంటే, ఇంట్లోనే ఉండిపో. అప్పుడు అత్తగారినే తిరుపతికి రమ్మను, భోగిపళ్లు మీ ఇంట్లో పోస్తుంది. అది తప్పెలా అవుతుంది తల్లీ?

వెళ్లగలిగితే మాత్రం ఒక ఏర్పాటు ముందే చేసుకో. పాలిచ్చేటప్పుడు లోపలి గదికి పోవద్దు. నడింట్లోనే గోడ వారగా ఒక చాప, ఒక దిండు, ఒక శాలువా నీ చోటుగా పెట్టించుకో. శాలువా కప్పుకుని అక్కడే కూర్చుని పాలివ్వు, కబుర్లు విను, అత్తిరసం వేడిగా ఉండగానే అందుకో. పాప మరీ బెదిరితేనే గది. అప్పుడు కూడా ఒంటరిగా కాదు, ఒక ఆడబిడ్డనో తోటికోడలినో వెంట రమ్మని అడుగు. అడిగితే వస్తారు. ఆ రోజు నేను అడగలేదు.

కనుమ నాడు పొద్దున పాపకు నిండా పాలిచ్చి మీవారి చేతికి ఇచ్చేయి. గంటన్నర దాకా ఆకలనదు. ఆయన భుజానికెత్తుకుని నీకు కనిపించేలా అరుగు మీద తిరుగుతుంటాడు. నువ్వు కొంగు బిగించి వాకిట్లోకి దిగి రథం ముగ్గు వేసి, దాని తాడు పక్కింటి వాకిలి దాకా లాగు. ఆ ఊళ్లో పిండి ఎలా ఉంటుందో, నీ వేళ్లకు అలవాటైన ముగ్గుపిండి ఒక డబ్బా నిండా ఇంటి నుంచే తీసుకెళ్లు.